శ్రవణ నాడి స్పందనను కాక్లియర్ ఇంప్లాంట్‌తోనే నమోదు చేయడం ఎలా?

పసిపిల్లకు కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలోని కాక్లియాలో ఎలక్ట్రోడులు పెట్టి శ్రవణ నాడికి కరెంటు పంపే పరికరం) అమర్చాక, ఏ ఎలక్ట్రోడులో ఎంత కరెంటు పంపితే శబ్దం వినిపిస్తుందో, ఎంత దాటితే భరించలేదో ఆ పిల్ల చెప్పలేదు. ఆమె శ్రవణ నాడిని మాత్రం నేరుగా అడగవచ్చు. లోపల అమర్చిన పరికరమే ఒక ఎలక్ట్రోడు నుంచి కరెంటు పంపుతుంది, దగ్గరలోని మరో ఎలక్ట్రోడుతో నాడి స్పందనను పట్టుకుంటుంది, చర్మం మీది కాయిల్ (తీగచుట్ట) ద్వారా దాన్ని కంప్యూటర్‌కు చేరవేస్తుంది. తలకు తీగలు అంటించనక్కరలేదు, పిల్లను నిద్రపుచ్చనక్కరలేదు.

ఈ స్పందనను ఈక్యాప్ (ఎలక్ట్రికల్లీ ఎవోక్డ్ కాంపౌండ్ యాక్షన్ పొటెన్షియల్) అంటారు. 1990లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు కరోలిన్ బ్రౌన్, పాల్ ఆబస్, బ్రూస్ గాంట్జ్ ఇంప్లాంట్ ఉన్నవారిలో దీన్ని నమోదు చేసి ప్రచురించారు. వారు పరీక్షించిన ఇనెరెయిడ్ ఇంప్లాంట్‌కు చర్మం బయటికి వచ్చే ప్లగ్గు ఉండేది కనుక తీగ నేరుగా కలపగలిగారు. 1990ల చివర వచ్చిన న్యూక్లియస్ 24 ఇంప్లాంట్ ఆ నమోదు పనిని తనలోనే చేసుకోసాగింది. దాన్ని తయారుచేసిన కాక్లియర్ సంస్థ ఈ సౌకర్యాన్ని ఎన్‌ఆర్‌టీ అంటుంది. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ వారిది ఎన్‌ఆర్‌ఐ, మెడెల్ వారిది ఏఆర్‌టీ.

ఈ పరీక్షను కొత్తగా చేయబోతున్న ఆడియాలజిస్టుల కోసం, ఆడియాలజీ చివరి సంవత్సరాల విద్యార్థుల కోసం రాస్తున్నాను. ఉదాహరణలన్నీ న్యూక్లియస్ పరికరానివి. సంస్థ మారితే మీటలు, అంకెలు మారతాయి కానీ అడగాల్సిన ప్రశ్నలు అవే. ఒక్క బటను నొక్కితే యంత్రమే మొత్తం కొలిచి త్రెషోల్డు (నాడి స్పందన మొదలయ్యే కనిష్ఠ కరెంటు) అంకె చూపించే సౌకర్యం 2005లో ఫ్రీడమ్ ఇంప్లాంట్‌తో వచ్చింది. అందుకే ఈ పరీక్ష తేలికనిపిస్తుంది. కానీ ఆ అంకె నాడి నుంచి వచ్చిందో, పరికరం నుంచే వచ్చిందో తేల్చాల్సింది మీరే.

ముందుగా, దేనికోసం వెతుకుతున్నారో తెలుసుకోండి

కరెంటు పల్సు వెళ్లాక సుమారు 0.2 నుంచి 0.4 మిల్లీసెకన్ల మధ్య కిందికి ఒక లోయ వస్తుంది. దాని పేరు ఎన్1. ఆ తర్వాత 0.6 నుంచి 0.8 మిల్లీసెకన్ల ప్రాంతంలో పైకి ఒక శిఖరం వస్తుంది, అది పీ2. ఈ రెండింటి మధ్య ఎత్తు తేడాయే స్పందన పరిమాణం. త్రెషోల్డు దగ్గర అది కొన్ని మైక్రోవోల్టులే ఉంటుంది, కరెంటు పెంచితే వందల మైక్రోవోల్టులకు చేరవచ్చు. కొందరిలో ఎన్1కు ముందు చిన్న శిఖరం కనిపిస్తుంది, కొందరిలో పీ2 రెండుగా చీలుతుంది. రెండూ మామూలే.

చిక్కంతా కాలంతోనే. నాడి స్పందించే ఆ అర మిల్లీసెకనులోనే మనం పంపిన పల్సు తాలూకు విద్యుత్తు కూడా అదే ఎలక్ట్రోడుల చుట్టూ ఇంకా ఉంటుంది. అది వోల్టుల లెక్కలో ఉంటే, నాడి స్పందన మైక్రోవోల్టుల లెక్కలో ఉంటుంది. బాజాభజంత్రీల మధ్య పక్కవారు చెవిలో చెప్పిన మాటను పట్టుకోవడం లాంటి పని ఇది. పల్సు వదిలిన ఆ విద్యుత్తునే ఆర్టిఫాక్ట్ అంటాం. ఇకమీద చెప్పేవాటిలో ఎక్కువ భాగం దాన్ని వదిలించుకోవడం గురించే.

సిద్ధం చేసుకోవడం

సాఫ్ట్‌వేర్‌లో రోగి వివరాలు తెరిచాక ఇంప్లాంట్ మోడల్, ఏ వైపు చెవి అనేవి ఆపరేషన్ కాగితాలతో సరిపోల్చండి. రెండు చెవులకూ ఇంప్లాంట్లు ఉన్నవారిలో ఈ పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. ప్రాసెసర్‌ను, కేబుల్‌ను, కాయిల్‌ను ముందే పరీక్షించి, విడిగా ఇంకొక కాయిల్ దగ్గర పెట్టుకోండి.

ఆపరేషన్ థియేటర్‌లో చేస్తుంటే మరికొన్ని జాగ్రత్తలు కావాలి. కాయిల్‌ను, దాని తీగను స్టెరైల్ తొడుగులో పెట్టి సర్జన్‌కు అందించాలి. ఎలక్ట్రోడు పూర్తిగా లోపలికి వెళ్లి, కాక్లియా బయట ఉండే రెఫరెన్స్ ఎలక్ట్రోడు (మిగతావాటిని పోల్చి కొలిచేది) కండరం కింద చేరి, ఇంప్లాంట్ మీద చర్మం కప్పాకే మొదలుపెట్టండి. రెఫరెన్స్ ఎలక్ట్రోడు గాలిలో ఉంటే కొలతలన్నీ తప్పుతాయి. ఇంప్లాంట్ లోపలికి వెళ్లిన తర్వాత మోనోపోలార్ డయాథెర్మీ (శరీరం గుండా కరెంటు పంపి కణజాలాన్ని కోసే, రక్తాన్ని ఆపే పరికరం) వాడకూడదన్నది అక్కడున్న అందరికీ తెలిసే ఉంటుంది. అయినా ఒకసారి పైకి అనండి. మత్తుమందు గురించి కంగారు వద్దు. ఈక్యాప్ మీద దాని ప్రభావం దాదాపు ఉండదు, కండరాలను సడలించే మందులు కూడా అడ్డు కావు. అదే స్టెపీడియల్ రిఫ్లెక్స్ (గట్టి శబ్దానికి మధ్య చెవిలోని చిన్న కండరం బిగుసుకోవడం) కూడా చూడాలనుకుంటే ఆ మందుల గురించి అనస్థీషియా డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఇంపీడెన్స్ చూడకుండా అడుగు వేయవద్దు

నమోదు చేయాల్సింది ఎలక్ట్రోడులే కనుక వాటి ఆరోగ్యం మొదట తేలాలి. న్యూక్లియస్‌లో కాక్లియా లోపల 22, బయట 2 ఎలక్ట్రోడులు ఉంటాయి. ఇంపీడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే నిరోధం) 30 కిలోఓములు దాటితే ఓపెన్ సర్క్యూట్‌గా (దారి తెగినట్టు), 565 ఓముల కన్నా తగ్గితే షార్ట్ సర్క్యూట్‌గా సాఫ్ట్‌వేర్ గుర్తు వేస్తుంది. షార్ట్‌లు కామన్ గ్రౌండ్ పద్ధతిలో (ఒక ఎలక్ట్రోడును, కలిపి ఉంచిన మిగతావాటన్నిటితో కొలిచేది) బాగా బయటపడతాయి కనుక ఒక్క మోనోపోలార్ కొలతతో (కాక్లియా బయటి రెఫరెన్స్‌తో కొలిచేది) సరిపెట్టుకోవద్దు.

థియేటర్‌లో అక్కడక్కడ ఒకటి రెండు ఎలక్ట్రోడులు ఓపెన్ అని వస్తే అది తరచుగా గాలి బుడగ. కొద్దిసేపు తక్కువ కరెంటు పంపి మళ్లీ కొలవండి, చాలాసార్లు సర్దుకుంటుంది. ఎలక్ట్రోడులన్నీ ఒకేసారి ఎక్కువ చూపిస్తే అన్నీ చెడిపోయాయని కాదు, అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న రెఫరెన్స్‌ను అనుమానించండి. ఓపెన్ లేదా షార్ట్ అయిన ఎలక్ట్రోడును కరెంటు పంపడానికి ఎలా వాడమో, నమోదు చేయడానికి కూడా అలాగే వాడకూడదు. ఈ రెండో సగాన్ని కొత్తవారు మరిచిపోతారు. పంపే ఎలక్ట్రోడు బాగానే ఉన్నా, వినే ఎలక్ట్రోడు చెడ్డదైతే తెరమీద ఏమీ రాదు, నాడి స్పందించలేదని ఫైలులో పడిపోతుంది.

ఇంపీడెన్స్‌తో మరో సంగతి ముడిపడి ఉంది. 10 కిలోఓముల ఎలక్ట్రోడులో 1 మిల్లీఆంపియర్ నడపాలంటే 10 వోల్టులు కావాలి. పరికరం ఇవ్వగలిగే వోల్టేజీకి హద్దు ఉంది. ఆ హద్దు దాటితే తెరమీద మీరు పెంచిన అంకె కనిపిస్తుంది కానీ లోపల అంత కరెంటు వెళ్లదు. ఆ హద్దు దాటిందని సాఫ్ట్‌వేర్ కంప్లయెన్స్ హెచ్చరిక ఇస్తే అక్కడే ఆగి, కరెంటుకు బదులు పల్సు వెడల్పు పెంచండి.

నాలుగు కొలతలు, ఒక తీసివేత

ఆర్టిఫాక్ట్‌ను వదిలించుకోవడానికి న్యూక్లియస్ వాడే పద్ధతి నాడికున్న ఒక స్వభావం మీద నిలబడింది. ఒకసారి స్పందించిన నాడీ తంతువు ఆ వెంటనే వచ్చిన రెండో పల్సుకు స్పందించలేదు. కనుక పరికరం నాలుగు రకాలుగా కొలుస్తుంది.

మొదటిది, పరీక్ష పల్సు ఒక్కటే. దీన్ని ప్రోబ్ అంటారు. ఇందులో ఆర్టిఫాక్ట్, నాడి స్పందన రెండూ ఉంటాయి. రెండోది, ముందు మాస్కర్ అనే పల్సు, 400 మైక్రోసెకన్ల తర్వాత ప్రోబ్. నాడి మాస్కర్‌కే స్పందించి అలిసి ఉంటుంది కనుక ఇక్కడ ప్రోబ్ తాలూకు ఆర్టిఫాక్టే మిగులుతుంది. మూడోది మాస్కర్ ఒక్కటే. నాలుగోది ఏ పల్సూ లేకుండా, సంకేతాన్ని పెద్దది చేసే యాంప్లిఫయర్ ఆన్ అయినప్పుడు అది తనంతట తాను చేసే కదలిక. మొదటి దానిలోంచి రెండోది తీసి, మూడోది కలిపి, నాలుగోది తీసేస్తే ప్రోబ్‌కు నాడి ఇచ్చిన స్పందన ఒక్కటే మిగలాలి. కాగితం మీద ఒక్కసారి మీ చేత్తో ఈ కూడికలు, తీసివేతలు వేసుకోండి. అది మనసుకెక్కితే, తెరమీద వింత ఆకారం వచ్చినప్పుడు ఈ నాలుగింటిలో ఏ కొలత సరిగ్గా కొట్టుకుపోలేదో మీరే ఊహించగలుగుతారు.

ఈ లెక్క పనిచేయాలంటే మాస్కర్ అన్ని తంతువులనూ స్పందింపజేయాలి. అందుకే దాన్ని ప్రోబ్ కన్నా 10 కరెంట్ లెవెళ్లు (కరెంటును పెంచే, తగ్గించే మెట్లు) ఎక్కువగా ఉంచుతారు. మాస్కర్ బలం చాలకపోతే కొన్ని తంతువులు ప్రోబ్‌కు మళ్లీ స్పందిస్తాయి, ఆ స్పందన తీసివేతలో పోతుంది, మీకు నిజం కన్నా చిన్న తరంగం కనిపిస్తుంది. కొన్ని ఇతర పరికరాల్లో పల్సు దిశను తిప్పి, రెండింటి సగటు తీసే పద్ధతి ఉంది. అది వేగమైనదే కానీ, రెండు దిశలకూ నాడి అచ్చంగా ఒకే వేళకు స్పందించదు.

మొదలుపెట్టేటప్పటి అమరికలు ఇవి: పల్సు వెడల్పు 25 మైక్రోసెకన్లు, సెకనుకు 80 సార్లు, గెయిన్ (యాంప్లిఫయర్ సంకేతాన్ని పెంచే మొత్తం) 50 డెసిబెల్స్, కొలత మొదలయ్యే ఆలస్యం 122 మైక్రోసెకన్లు, సగటు తీయడానికి 50 సార్లు. నమోదు చేసే ఎలక్ట్రోడు, కరెంటు పంపే దానికి రెండు స్థానాల అవతల ఉండాలి. 11కు 13, 22కు 20. ఇవి మొదలుపెట్టడానికే, అన్నిచోట్లా ఇవే సరిపోవు.

కరెంటు పెంచడం

సమయం తక్కువైతే కాక్లియా పొడవునా ఐదు చోట్ల చూడండి: 22, 16, 11, 6, 1. లోపలి కొసలో ఉన్న 22 తక్కువ పౌనఃపున్యాలది, 1 బయటి కొసది.

మెలకువగా ఉన్న మనిషిలో తక్కువ నుంచి మొదలుపెట్టి 5 లెవెళ్ల చొప్పున పెంచాలి. ఫ్రీడమ్ నుంచి వచ్చిన న్యూక్లియస్ ఇంప్లాంట్లలో లెవెల్ 0 అంటే 17.5 మైక్రోఆంపియర్లు, 255 అంటే 1750. మధ్యలో అది సమానంగా పెరగదు. 5 లెవెళ్లు పెంచిన ప్రతిసారీ కరెంటు సుమారు 9 శాతం పెరుగుతుంది. అంటే పైభాగంలో వేసే ప్రతి అడుగూ అంతకుముందు దానికన్నా పెద్దది. 100 దగ్గర సుమారు 106 మైక్రోఆంపియర్లు ఉంటే, 200 దగ్గర సుమారు 648.

మాట్లాడగలిగినవారైతే శబ్దం ఎంత గట్టిగా ఉందో ప్రతి అడుగుకూ అడగండి. గుర్తుంచుకోండి, వారికి వినిపిస్తున్నది మాస్కర్, ప్రోబ్ కన్నా బలమైనది. పిల్లలను ఆటలో పెట్టి, మీరు తెరను చూస్తుంటే మరొకరు పిల్ల ముఖాన్ని చూడాలి. కనురెప్పల అదురు, ఆట ఆగిపోవడం, తల్లి వైపు తిరగడం, పెదవి విరుపు, ఏది కనిపించినా ఆపండి. ఒక తరంగం కోసం పిల్లను భయపెడితే ఆ తర్వాత నెలల తరబడి ప్రాసెసర్ పెట్టించుకోదు. నా దృష్టిలో ఏ కొలతా అంత విలువైనది కాదు. మత్తులో ఉన్నవారిలో ధైర్యంగా పెంచవచ్చు కానీ ముఖ కండరాలను గమనిస్తూ ఉండాలి. ముఖ నాడి కదిలితే తెరమీద వచ్చే పెద్ద తరంగం కండరానిది కావచ్చు. అది నాడి స్పందన కన్నా ఆలస్యంగా వస్తుంది.

తరంగం సరిగా లేకపోతే

తీసివేతకు ముందున్న నాలుగు కొలతలను తెరిచి చూడండి. రేఖ పైనో కిందో బల్లపరుపుగా నిలిచిపోయి ఉంటే యాంప్లిఫయర్ నిండిపోయింది. అప్పుడు గెయిన్‌ను 50 నుంచి 40కి తగ్గించండి, లేదా ఆలస్యాన్ని కొద్దిగా పెంచండి, లేదా నమోదు చేసే ఎలక్ట్రోడును మరింత దూరం జరపండి. ఒకసారికి ఒకటే మార్చండి. ఆలస్యాన్ని మరీ పెంచితే ఎన్1 ముందే వచ్చిపోతుంది.

రేఖ ముళ్లముళ్లుగా ఉంటే అది నాయిస్, అంటే స్పందనతో సంబంధం లేని విద్యుత్ అలజడి. నాలుగు కొలతలను కలిపి తీసివేయడం వల్ల నాయిస్ కూడా రెట్టింపవుతుందన్నది ఈ పద్ధతికి మనం చెల్లించే ధర. కొలతల సంఖ్యను నాలుగింతలు చేస్తే నాయిస్ సగమవుతుంది. 50 నుంచి 200కి వెళ్తే సమయం కూడా నాలుగింతలు పడుతుంది కనుక త్రెషోల్డు దగ్గర మాత్రమే అలా చేయండి.

ఇది నాడిదేనా?

తొందరలో అందరూ వదిలేసే భాగం ఇదే. అందంగా లోయ, శిఖరం కనిపించగానే చేయి మౌసు మీదికి వెళ్తుంది. ఆపి, ఆ తరంగాన్ని మాయం చేయగలరేమో ప్రయత్నించండి. నాడిదైతే, మాయం కావాల్సిన చోట అది మాయమవుతుంది.

కరెంటు తగ్గిస్తూ రండి. నాడి స్పందన చిన్నదవుతూ వచ్చి ఒకచోట పూర్తిగా ఆగిపోతుంది, ఎన్1 కాలం మాత్రం పెద్దగా జరగదు. ఆర్టిఫాక్ట్‌కు త్రెషోల్డు అనేది లేదు. అది కరెంటుతో పాటే పెరిగి, కరెంటుతో పాటే తగ్గుతుంది. తక్కువ లెవెల్‌లో కూడా అదే ఆకారం చిన్నదై కనిపిస్తుంటే అనుమానించండి.

తర్వాత మాస్కర్‌కూ ప్రోబ్‌కూ మధ్య వ్యవధిని పెంచి చూడండి. 400 మైక్రోసెకన్ల నుంచి కొన్ని మిల్లీసెకన్లకు తీసుకెళ్తే నాడి తేరుకుని, రెండో కొలతలో కూడా ప్రోబ్‌కు స్పందిస్తుంది. అప్పుడు తీసివేతలో రెండు స్పందనలూ కొట్టుకుపోయి తరంగం కుంచించుకుపోవాలి. పోకుండా అలాగే నిలిచి ఉంటే అది నాడిది కాదు. నాకు అన్నింటికన్నా నమ్మకం ఉన్న పరీక్ష ఇది.

నమోదు చేసే ఎలక్ట్రోడును మార్చి చూడటం మూడోది. నాడి స్పందన పరిమాణం మారవచ్చు కానీ కాలం, ఆకారం దాదాపు అవే ఉంటాయి. ఆర్టిఫాక్ట్ అయితే ఎలక్ట్రోడు మారగానే ఆకారమే మారిపోవచ్చు. ఇవన్నీ చేశాక అదే అమరికతో మరోసారి నమోదు చేసి, రెండు రేఖలనూ ఒకదానిమీద ఒకటి పెట్టండి. ఒకదాన్నొకటి కప్పేయాలి.

మీ సంస్థలో శిక్షణకు ఇచ్చే ఇంప్లాంట్ ఉంటే దాని ఎలక్ట్రోడులను గిన్నెలోని సెలైన్‌లో ముంచి మొత్తం పరీక్షను నడపండి. అక్కడ నాడి లేదు. కనుక తెరమీద ఏ ఆకారం వచ్చినా అది పరికరానిదే. ఏ గెయిన్ దగ్గర, ఏ ఆలస్యం దగ్గర యంత్రం లేని లోయను పుట్టిస్తుందో ఒక మధ్యాహ్నంలో కళ్లారా చూస్తారు. విద్యార్థులకు రోగి కన్నా ముందు ఈ గిన్నెనే చూపించాలని నా గట్టి అభిప్రాయం.

త్రెషోల్డు తీయడం

రెండు దారులున్నాయి. కంటితో చూసి, స్పందన కనిపించిన అతి తక్కువ లెవెల్‌ను తీసుకోవడం ఒకటి. పరిమాణాలను గ్రాఫు మీద గుర్తించి, సరళరేఖ గీసి, అది సున్నాను తాకే చోటును తీసుకోవడం రెండోది. ఉదాహరణకు 180 దగ్గర 60, 185 దగ్గర 90, 190 దగ్గర 120, 195 దగ్గర 150 మైక్రోవోల్టులు వచ్చాయనుకుందాం. లెవెల్‌కు 6 మైక్రోవోల్టుల చొప్పున పెరుగుతోంది కనుక రేఖ 170 దగ్గర సున్నాకు చేరుతుంది. కంటి పద్ధతిలో సాధారణంగా దానికన్నా కొంచెం పైన, 175 అనో 180 అనో వస్తుంది. రెండూ ఒకటి కావు. ఏ పద్ధతి వాడారో రాయకపోతే వచ్చే ఏడాది పోల్చడానికి పనికిరావు. గ్రాఫు పైభాగంలో పరిమాణం పెరగడం ఆగిపోతే ఆ బిందువులను రేఖలో కలపవద్దు. యంత్రం తానే తీసిన త్రెషోల్డును కూడా, దాని కింది తరంగాలను తెరిచి చూశాకే ఒప్పుకోండి.

స్పందన రాకపోతే

నాడి స్పందన లేకపోవడం అంటే పిల్లకు వినబడదని కాదు. ఈ మాటను సర్జన్‌కు, తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పాలి, అదీ థియేటర్ బయట ఎదురుచూస్తున్న వారికి ముందుగా. స్పందన రాకుండానే చక్కగా వింటున్నవారు ఉన్నారు.

ఇంపీడెన్స్‌ను, నమోదు చేసే ఎలక్ట్రోడును, గెయిన్‌ను, పల్సు వెడల్పును వరుసగా చూసుకుంటూ రండి. ఒక్క ఎలక్ట్రోడులో రాకపోతే పక్కదానిలో ప్రయత్నించండి. ఎక్కడా రాకపోతే స్కానులను మళ్లీ తెరవండి. నాడి సన్నగా ఉందా, కాక్లియాలో ఎముక పెరిగిందా, ఆడిటరీ న్యూరోపతి (శబ్ద సంకేతాలు నాడిలో సరిగా సాగని స్థితి) చరిత్ర ఉందా అని చూడాలి. కొసన ఉన్న ఎలక్ట్రోడుల్లో మాత్రమే వింతగా ఉంటే తీగ కొస లోపల మడతపడి ఉండవచ్చు. ప్రోబ్‌ను ఒక ఎలక్ట్రోడు మీద ఉంచి, మాస్కర్‌ను ఒక్కో ఎలక్ట్రోడుకు జరుపుతూ కొలిస్తే మామూలుగా ప్రోబ్ దగ్గరే ఒక శిఖరం వస్తుంది. దూరంగా మరో శిఖరం లేస్తే మడత అనుమానం బలపడుతుంది. అప్పుడు థియేటర్‌లోనే ఎక్స్‌రే అడగండి.

మ్యాపింగ్‌లో ఎలా వాడాలి

ఒక్కో ఎలక్ట్రోడుకు కనిష్ఠంగా, గరిష్ఠంగా ఎంత కరెంటు ఇవ్వాలో నిర్ణయించడమే మ్యాపింగ్, ఆ అమరికే మ్యాపు. ఈక్యాప్ త్రెషోల్డు సాధారణంగా వినబడే కనిష్ఠానికీ హాయిగా వినగలిగే గరిష్ఠానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. కానీ ఆ ఎక్కడో అన్నది మనిషికో రకంగా ఉంటుంది, గరిష్ఠాన్ని దాటేవారు కూడా ఉన్నారు. మనం కొలిచింది సెకనుకు 80 పల్సులతో. రోజూ వినే ప్రోగ్రామ్ తరచుగా 900తో నడుస్తుంది. అందుకే ఆ అంకెలను నేరుగా మ్యాపులో దించవద్దు. వాటి నుంచి తీసుకోవాల్సింది ఎలక్ట్రోడుల వెంబడి ఆకారం, అంటే ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది. ఆ ఆకారాన్ని బాగా కిందికి దించి మొదలుపెట్టి, పిల్ల ప్రవర్తనను చూస్తూ మొత్తంగా పైకి జరపండి. థియేటర్‌లో వచ్చిన త్రెషోల్డులు తర్వాతి వారాల్లో తగ్గడం మామూలు కనుక, పరికరాన్ని మొదటిసారి ఆన్ చేసే స్విచాన్ రోజున పాత అంకెను నమ్మి ఎక్కువ కరెంటు ఇవ్వడం ప్రమాదం.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉచిత వైద్య పథకం కింద ఇంప్లాంట్ పొందిన పిల్లల్లో చాలామంది దూరపు ఊళ్ల నుంచి బస్సెక్కి మ్యాపింగ్‌కు రావాల్సినవారే. ఒక్కో రాకకూ తల్లిదండ్రులకు ఒక రోజు కూలి పోతుంది. అలాంటి పిల్ల సహకరించని రోజున ఈ కొలత ఉంటే ఆ రాక వృథా కాదు. అంతమాత్రాన యంత్రం చెప్పిందని కూర్చోబెట్టి ఆడించే పరీక్షను మానేయకండి. నాడి స్పందించడం వేరు, పిల్ల ‘అమ్మ’ అన్న పిలుపును గుర్తుపట్టడం వేరు. ఆ రెండోదాన్ని ఈ పరీక్ష చెప్పదు, దానికి రోజూ ఇంట్లో, థెరపీలో జరగాల్సిన పని ఉంది.

చివరగా ఫైలులో రాసేటప్పుడు త్రెషోల్డు అంకెతో ఆగకండి. పంపిన ఎలక్ట్రోడు, నమోదు చేసినది, పల్సు వెడల్పు, గెయిన్, ఆలస్యం, మాస్కర్ లెవెల్, త్రెషోల్డు తీసిన పద్ధతి, ఆ రోజు ఇంపీడెన్స్ రాయండి. పరీక్ష ఆపేసి ఉంటే ఎందుకు ఆపారో, ‘స్పందన లేదు’ అని రాస్తే ఏ లెవెల్ వరకు వెళ్లి చూశారో కూడా ఉండాలి. తర్వాతి సందర్శనలో ఒక ఎలక్ట్రోడు త్రెషోల్డు, ఇంపీడెన్స్ రెండూ కలిసి పెరిగి ఉంటే తేదీలతో సహా పాత అంకెలను పక్కన పెట్టి, సర్జన్‌కు చూపించండి.